ఒకటి ఎక్కువ

రత్కా ఓ పసివాడి రక్తపరీక్ష ఫొటోలోని క్రోమోజోములను చిన్న కత్తెరతో కత్తిరించి, జతలు కుదిర్చి అట్టకు అంటిస్తోంది. స్కోప్యే ఆసుపత్రిలో ఏళ్లుగా ఆమె పని అదే. కత్తెర ఒరిసి బొటనవేలు కాయ కాసింది. ఇవాళ మాత్రం ధ్యాసంతా ఇంటి మీదే. తమ్ముడు బ్లాజేకు పొద్దున పెదవులు నీలంగా తేలాయి. వాడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు, గుండె మొదటినుంచీ బలహీనం. సెలవు పెడతానంటే వాడే గదమాయించాడు.

"వెళ్లవే అక్కా. నాకు మిరపకాయలు కాల్చి తొక్క వలిచే పనుంది."

నలభై దాటినా వాడి మాట అంతే. ఒకప్పుడు పక్కమీద పడుకుని క్రోమోజోముల లెక్కలడిగేవాడు.

"మనుషులకెన్నే?"

"నలభై ఆరు."

"నాకు?"

"నీకొకటి ఎక్కువ."

"అయితే నేనే గెలిచా. కుక్కకో?"

"డెబ్బై ఎనిమిది."

కాసేపు ఆలోచించి, "పోన్లే, కుక్క మంచిది" అనేవాడు.

పక్కింటి లెంకాకు వాడిని అప్పగించి వచ్చింది. ఇంట్లో ఫోను లేదు. రత్కా ఊరికే కిటికీ దాకా వెళ్లి వస్తోంది.

జతలన్నీ పూర్తయ్యాక ఒక ముక్క మిగిలింది. దాన్ని ఇరవై ఒకటో జత పక్కన అంటించి, అట్ట డాక్టరు బల్లమీద పెట్టి బయటికొచ్చింది. వసారాలో ఆ పసివాడి తండ్రి స్తోయ్‌చే లేచి నిలబడ్డాడు. వ్యాను నడిపేవాడు, చేతులకింకా గ్రీజు.

"ఏం తేలిందమ్మా?"

"డాక్టరుగారు చెబుతారు."

"మీ మొహమే చెబుతోంది లెండి."

రత్కా గుమ్మం పట్టుకుంది. "నలభై ఏడు. మా తమ్ముడికీ అంతే."

అతను చేతుల గ్రీజు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఆయన్నొకసారి చూడొచ్చా?"

"వాగుడుకాయ. మిమ్మల్ని తొందరగా వదలడు."

"ఫర్వాలేదు. వ్యానుంది, పదండి."

దారంతా రత్కా ఒళ్లో చేతులు నలుపుకుంటూనే ఉంది.

పెరట్లో రేకు మీద మిరపకాయలు మాడుతున్నాయి. ఎవరూ తిప్పడం లేదు. బ్లాజే కుర్చీలో తల వాల్చి ఉన్నాడు, వేళ్ల నిండా ఎర్రటి తొక్కలు. లెంకా తలగుడ్డ కొసతో నోరు మూసుకుని నిలబడింది.

"ఇప్పుడే అక్కా. ఉప్పు సరిపోయిందా అని అడుగుతూనే ఒరిగిపోయాడు," అంది.

రత్కా వాడి వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. స్తోయ్‌చే టోపీ తీసి జేబులో కుక్కుకుని, కిందికి వంగాడు.

"కాళ్లు నేను పట్టుకుంటానమ్మా. ఏమని పిలిచేవారు?"

"బ్లాజే."

"పద, బ్లాజే అన్నా," అన్నాడతను మెల్లిగా.

ఇద్దరూ లోపలికి మోసుకెళ్లారు. కుర్చీ కింద, ఒక పక్కకి అరిగిన నీలం చెప్పు ఒక్కటి బోర్లా పడి ఉంది.