ఇస్త్రీపెట్టె కట్టేశావా?

ఆ దర్జీ జన్మలో ఆడిన పెద్ద అబద్ధం మూడే మాటలు. "మా పిల్ల చూసుకోలేదండీ."

అప్పుడు కూతురికి ఆరేళ్లు. వేడి ఇస్త్రీపెట్టెను ఒకరి కోటు మీద వదిలేసి, గుమ్మంలో బాతాఖానీలో పడ్డది ఆయనే. వాసన తగిలి పరుగెత్తుకొచ్చేసరికి కోటు వీపున అరచేయంత కన్నం, ఎదురుగా కోటు తాలూకు పెద్దమనిషి. పరువు పోతుందన్న భయంతో నేరాన్ని బల్ల కింద గుండీలతో ఆడుకుంటున్న పిల్ల మీదికి నెట్టేశాడు. ఆరేళ్లదాన్ని ఎవరేమంటారు? పెద్దమనిషి నవ్వేసి వెళ్లిపోయాడు. పిల్ల నవ్వలేదు. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా?

మర్నాటి నుంచి కొట్టు మూసేటప్పుడల్లా పిల్ల ప్లగ్గు చూసేది. "కట్టేశావా నాన్నా?" అనేది. "కట్టేశానమ్మా" అనేవాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోయి 'ఇన్‌స్పెక్టరమ్మ' అని పేరు పెట్టారు. తల్లి చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంది. పదేళ్లు వచ్చేసరికి గ్యాసు, కొళాయి, తలుపు గడియ కూడా ఇన్‌స్పెక్టరమ్మ అజమాయిషీలోకి వచ్చాయి. పదమూడో ఏట వీధి మలుపు దాకా వెళ్లి, చూసి రావడానికి మళ్లీ ఇంటికి పరుగెత్తేది. పద్నాలుగు నిండేసరికి బడి మానేసి, ప్లగ్గు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. అది జబ్బని అప్పుడుగాని ఆ మొద్దు బుర్రలకు తట్టలేదు.

ఇలాంటివి ఒక్క కారణంతో రావని డాక్టరమ్మ చెప్పింది. కొందరు పిల్లలు పుట్టుకతోనే భయస్తులట, దానికి ఏదో ఒక దెబ్బ తోడవుతుందట. అడిగినప్పుడల్లా ధైర్యం చెప్పడమంటే ఆ భయానికి మేత వేయడమేనట. తగ్గుతుంది, కాని నెలలు పడుతుంది, ఇకమీదట పిల్ల అడిగితే జవాబు చెప్పొద్దంది. ఎప్పుడు మొదలైందని అడిగితే దర్జీ తల వంచుకుని, తెలియదన్నాడు. అది రెండో అబద్ధం.

ముడి ఎక్కడ పడిందో దొరికితే దారం చిక్కు విడిపోతుందని ఆయన చేతులకు తెలుసు. ఆ ఆశతోనే సాయంత్రం స్టూలు దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఆ కోటు కాల్చింది నేను. నువ్వు కాదు."

పిల్ల ప్లగ్గు మీంచి చూపు తిప్పలేదు. "నాకు తెలుసు నాన్నా. ఆ రోజు నీ చేతులు ఎంత వణికాయో కింద నుంచి చూశాను. నువ్వు మర్చిపోతావు కదా. నువ్వు మళ్లీ అలా భయపడకూడదని నేను చూస్తున్నా."

దర్జీకి గుండె చెరువైంది. ఎనిమిదేళ్లుగా ఆ పసిది మోస్తున్నది తన నేరాన్ని కాదు, తననే.

"ఇంతకీ కట్టేశావా?"

జవాబు నాలుక చివరే ఉంది. ఆయన పెదవి కొరుక్కుని ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. మళ్లీ అడిగింది. ఆయన చొక్కా పట్టుకుని, వెక్కుతూ, బతిమాలుతూ అడిగింది.

ఆయనా ఏడ్చాడు గాని, చెప్పలేదు.