కరుణ నోట్లో బావ

పాత కార్లను నలిపి ముద్ద చేసే మిషన్‌కి మామయ్య పెట్టిన పేరు కరుణ. వ్యాను పెడితే సూట్‌కేసు చేసి ఇస్తుంది. ఒకసారి బస్సు పెట్టారట. బయటికొచ్చిన ముద్దలో తన సీటు ఏదో పోల్చుకోలేక డ్రైవరు వెక్కి వెక్కి ఏడ్చాడని మామయ్య చెబుతాడు. మామయ్య మాటల్లో ముప్పావు వంతు కోత కోసి పారేయాలి గానీ, కరుణ విషయంలో మాత్రం ఆయన తగ్గించే చెబుతాడు.

యార్డు మామయ్యది. కరుణని నడిపే లినక్స్ కంప్యూటరు ఆయన కొడుకుది, అంటే మా బావది. వెల్డింగు మా అక్కది, ఆమె మొగుడు కాబట్టి బావ కూడా మా అక్క సొత్తే. ఫోర్క్‌లిఫ్ట్ నాది. మా ఇంట్లో మాటామాటా అనుకోవడం తక్కువ. చేతికందింది విసురుకోవడమే ఎక్కువ. భోజనాల దగ్గర హెల్మెట్ పెట్టుకునే కుటుంబం మాది ఒక్కటే అనుకుంటాను.

ఆ పొద్దున కరుణ నోటి లోపలి సెన్సరు వంకరపోయింది. సరిచెయ్యాలంటే ఒకరు దవడల మధ్యకి దూరాలి. అదే సమయంలో ప్రోగ్రాము నడుస్తూ సెన్సరు కొలత తెర మీద చూపిస్తూ ఉండాలి. ఎర్ర బటన్ నొక్కి దవడని ఆపేస్తే దాంతోపాటు సెన్సరూ చచ్చిపోతుంది. అందుకని బావ ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. ప్రోగ్రాము మొదలవుతూనే SADHANA అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే తనకి పైనుంచి అందే చీటీ లాంటిది, ఉందా అని చూస్తుంది. దాని విలువ 1 అయితే కొలతలు చూపించి ఊరుకుంటుంది, దవడ కదపదు. ఆ పేరే కనబడకపోతే, నమలమన్నారనుకుని నమిలేస్తుంది.

"దూరు," అన్నాడు బావ కుర్చీలో వెనక్కి వాలి.

"దూరతాను గానీ, సాధన పెట్టావా?" అంది అక్క.

బావ అందరికీ కనబడేలా టైపు చేశాడు.

SADHANA=1
echo $SADHANA

విలువ ఎంతని ఎకో అడిగితే, కింద 1 అని వచ్చింది.

"చాలా? పటం కట్టించి ఇవ్వనా?"

అక్క వెల్డింగు మాస్కు దించుకుని లోపలికి పాకింది. బావ ప్రోగ్రాము పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. కరుణ నోరు మూసుకోసాగింది.

దవడ కిందికి దిగుతున్న చప్పుడు వేరు. రేకు పగలదు, ముందు మూలుగుతుంది. నేను ఫోర్క్‌లిఫ్ట్ మీంచి దూకి ఎర్ర బటన్‌ని పిడికిలితో గుద్దాను. వేళ్ళ కణుపులు చిట్లాయి. కరుణ ఆగింది. అక్క ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో బయటికి జారింది. రెండో బూటు లోపలే ఉంది. ఉక్కు ముక్కున్న బూటు అది. ఇప్పుడు దాన్ని కవర్లో పెట్టి స్టాంపు అంటించొచ్చు.

తర్వాత అక్క మాస్కు తీసి, దాంతోనే బావ మొహమ్మీద కొట్టింది. ముక్కులోంచి రక్తం కీబోర్డు మీద పడింది. బావ లేవబోతే మామయ్య వెనకనుంచి టైర్లు ఊడదీసే లివర్ విసిరాడు. అది గురి తప్పి కిటికీ అద్దాన్ని తీసుకుపోయింది. రెండోది తప్పలేదు, బావ భుజానికి తగిలింది.

"నాన్నా, చెయ్యి పోయేది."

"దాని కాలు పోయేది కాదట్రా, వెధవా? దాని తల?"

"ఎకో ఒకటి అంది కదా, అందరూ చూశారు కదా," అంటూ బావ బల్ల కిందికి దూరాడు. అక్క బల్లని తన్ని తిరగేసింది. కాలర్ పట్టుకుని గోడకి కొట్టింది. గోడకున్న స్పానర్లన్నీ బావ మీద రాలాయి, సైజుల వారీగా. వాళ్ళిద్దర్నీ విడదీద్దామని వెళ్ళిన నాకు దవడ మీద మోచెయ్యి తగిలింది. ఎవరిదో అడగలేదు. నేనూ ఎవరికో ఒకటిచ్చాను.

చివరికి ఊపిరాడక ఆగారు. మామయ్య చేతి పంపు కొట్టి దవడ తెరిచాడు. అక్క బావ మెడ పట్టి దానివైపు నడిపించింది.

"దూరు."

"ఏయ్, జోకా?"

"నేను కీబోర్డు దగ్గరుంటా. ఏం కొట్టాలో నువ్వు లోపల్నుంచి చెప్పు."

బావ మామయ్య వైపు చూశాడు. మామయ్య చేతిలో ఇంకో లివర్ ఉంది. బావ దూరాడు.

అక్క బల్ల లేపి నిలబెట్టి, కీబోర్డు మీది రక్తం చేత్తో తుడిచి, మళ్ళీ కరెంటు వచ్చేలా ఎర్ర బటన్‌ని పైకి లాగింది.

"చెప్పు. సాధన ఈజీక్వల్టు ఒకటి. అంతేగా?"

అక్క టకటకా అదే కొట్టింది.

"ఎంటర్ కొట్టేస్తున్నా."

"ఆగాగు. ఒక్క నిమిషం ఆగవే." బావ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. "అలా పెడితే ఆ పేరు షెల్ దగ్గరే, అంటే నువ్వు టైపు చేసే ఆ కిటికీ దగ్గరే ఉండిపోతుంది. షెల్ మొదలుపెట్టే ప్రోగ్రాముకి అందదు. ఎకో అడిగేది షెల్‌నే. అందుకే ఒకటి అంది. ప్రోగ్రాముకి తెలీదు."

"నాకు చెప్పాల్సింది మీ అమ్మ చెవిలో వేసి ఊరుకుంటావే, అలాగన్నమాట," అన్నాడు మామయ్య.

"అలాగే నాన్నా. ముందు ఎక్స్‌పోర్ట్ అని పెట్టు. అప్పుడు కిందికి అందుతుంది."

అక్క కొట్టింది.

export SADHANA=1

"ఇప్పుడు ఎకో చూడనా?"

"ఎకో వద్దు, అది దొంగమొహంది. ప్రింట్‌ఎన్వ్ అని కొట్టి సాధన అను. ప్రోగ్రాములకి అందేవే అది చూపిస్తుంది."

తెర మీద 1 వచ్చింది.

"వచ్చింది."

"ఏమొచ్చింది? చదువు."

"ఒకటి."

"తెర మీద ఇంకో కిటికీ తెరవకు. ఆ కిటికీలోంచే నడుపు. వేరేదాంట్లో ఇది ఉండదు. వింటున్నావా?"

"వింటున్నా."

అక్క ప్రోగ్రాము పేరు కొట్టింది. వేలు ఎంటర్ మీద పెట్టి ఆగింది. ఆ ఆగడంలో బావ తన జీవితంలో ఎప్పుడూ ఎవరికీ చెప్పని క్షమాపణలన్నీ చెప్పాడు, అందులో రెండు నాకు. ఎంటర్ నొక్కింది.

పచ్చలైటు వెలిగింది. తెర మీద కొలతలు పరిగెత్తాయి. దవడ ఉన్నచోటే ఉంది.

"అయిపోయింది, వచ్చేస్తున్నా," అన్నాడు బావ.

అక్క కింద పడ్డ స్పానర్లలో ఒకటి ఏరి లోపలికి విసిరింది. అది దేనికి తగిలిందో గానీ బావ అబ్బా అన్నాడు.

"సెన్సరు ఇంకా వంకరగానే ఉంది. ఎడమకి తిప్పు. నేను చాలనేదాకా తిప్పు."

బావ తిప్పడం మొదలుపెట్టాడు. బోల్టు కిర్రుమన్నప్పుడల్లా లోపల్నుంచి గొంతు వచ్చేది.

"అక్కడే ఉన్నావా?"

"ఎడమకి."

"ఏమీ ముట్టుకోవడం లేదు కదా?"

అక్క ఒంటి బూటుతో కుర్చీలో వెనక్కి జరిగి, కీబోర్డుకి అందనంత దూరంలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. లోపలున్నవాడికి అది కనబడదు.