ఆడపడుచు దానం

పంటి నొప్పికి యాంటీబయోటిక్ మాత్రలు మింగితే పన్ను బాగుపడింది, పొట్ట సర్వనాశనమైంది. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులన్నీ ఆ మందుకు చచ్చిపోయి, మొండి బాక్టీరియా ఒక్కటే మిగిలి రాజ్యమేలుతోందని డాక్టరమ్మ చెప్పింది. మందు వేస్తే తగ్గడం, ఆపగానే తిరగబెట్టడం. నెలల తరబడి నా కాపురమంతా బాత్రూంలోనే. ఇంకోసారి తిరగబెడితే పేగు తీసేయాల్సి రావచ్చని, ప్రాణం మీదకే రావచ్చని ఆవిడ నిమ్మళంగా అంది.

"ఒక దారుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం శుద్ధి చేసి మీ పేగులోకి ఎక్కిస్తాం. అందులోని సూక్ష్మజీవులు మీ పొట్టలో స్థిరపడతాయి," అంది.

మా తమ్ముడు జిమ్‌లో కండలు పెంచడం నేర్పుతాడు. "నాదిస్తాలే అక్కా, నాకంటే ఆరోగ్యం ఎవడికుంది," అని ఛాతీ విరుచుకుని పరీక్షకు వెళ్లాడు. అందులో ఏలికపాముల గుడ్లు బయటపడ్డాయి. కడగని పచ్చి ఆకులు నమిలే మహానుభావుడు కండలతోపాటు వాటినీ పెంచుతున్నాడన్నమాట. మా ఆయన తుమ్మొచ్చినా యాంటీబయోటిక్ మింగే రకం. ఆయన్ని గుమ్మంలోంచే తిప్పి పంపారు.

ఇక మిగిలింది మా ఆడపడుచు, సిటీ బస్సు డ్రైవరు. నా కొత్త పరదాలు బస్సు సీటు గుడ్డల్లా ఉన్నాయని ఆవిడ అన్నప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఆవిడ చేతి మంచినీళ్లు కూడా ముట్టనిదాన్ని, ఇప్పుడు ఇదా? సిగ్గుతో చచ్చాను. అయినా బతకాలనుంది. మా ఆయనే వెళ్లి అడిగాడు. ఆవిడ పరీక్షలన్నీ నెగ్గింది. బస్సెక్కితే మధ్యలో దిగే వీల్లేని ఉద్యోగం కాబట్టి, కడుపును కూడా డిపో వేళలకు అలవాటు చేసుకుందట.

ఆ రోజు ఆసుపత్రివాళ్లిచ్చిన డబ్బాను ఐసు సంచిలో పెట్టి, సీటు పక్కనే ఉంచుకుని బస్సు నడుపుకుంటూ వచ్చింది. టిఫినేమో అనుకుని కండక్టరు మూత మీద చెయ్యి వేశాడట.

"ముట్టుకోకు. అది మా మరదలిది," అందట.

స్టాపులో మా ఆయన చేతికిచ్చి, హారన్ కొట్టి వెళ్లిపోయింది.

ఎక్కించాక ఇంటికొచ్చాను. రోజూ భయంభయంగానే బాత్రూంలోకి వెళ్లేదాన్ని. ఒక ఉదయం లోపలే కూర్చుని ఏడ్చేశాను. బయటికొచ్చి, తలుపు దగ్గర కంగారుగా నిలబడ్డ మా ఆయన్ని పక్కకు జరిపి, ఫోను తీశాను.

"వదినా, అయింది."

అవతల డిపోలో ఇంజన్ల చప్పుడు.

"గట్టిగానేనా?"

"గట్టిగానే వదినా."

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"సరే, ఏడవకు. నాకూ ఏడుపొస్తే బండెవరు తీస్తారు?"