మఠం దగ్గర రెండు రోజుల ముసురు

మంగళవారం కోర్టు తరఫున ఒకావిడ వచ్చి మా టిల్లీతో మాట్లాడుతుంది. అమ్మతో అబర్డీన్ వెళ్ళాలనుందా, యార్క్‌షైర్‌లోనే నాన్న దగ్గర ఉండాలనుందా అని అడుగుతుంది. దానికి పదేళ్ళు నిండాయి కాబట్టి దాని మాటకి విలువ ఇస్తారట. వాళ్ళమ్మ జోయాన్ నన్ను వదిలి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొత్త మొగుడికి అక్కడ ఉద్యోగం. పిల్ల అటు వెళితే నాకు ఏడాదికి రెండుసార్లు కనబడుతుంది. ఆ మంగళవారానికి ముందు మిగిలిన ఈ శని, ఆదివారాలు నా వంతు. గుడారం వేసుకుందామన్నాను. ఇంత గొప్ప ఆలోచన నాకు తప్ప ఇంకెవరికి వస్తుంది.

హెల్మ్స్‌లీ ఊరి దగ్గర పొలంలో గుడారం మేకులు దిగ్గొట్టేసరికే ముసురు పట్టింది.

"కాసేపట్లో తెరిపిస్తుందిలే" అన్నాను. మా నాన్నా అలాగే అనేవాడు, ఆయన నాన్నా అనేవాడు. ఎవరికీ తెరిపివ్వలేదు.

ఆదివారం తెల్లారేసరికి టిల్లీ పక్క సగం నానిపోయింది. స్టవ్వు వెలగలేదు. డబ్బాలోంచి తీసిన చల్లటి బీన్స్ పెట్టాను.

"బాగా పడుకున్నావా తల్లీ?"

"బాగానే పడుకున్నా నాన్నా. బీన్స్ కూడా బాగున్నాయి."

ఐదేళ్ళప్పుడు జుట్టు చిక్కు తీస్తే వీధంతా వినబడేలా ఏడ్చిన పిల్ల. ఎంత ఎదిగిపోయిందో అని మురిసిపోయాను.

అక్కడికి దగ్గర్లోని పాత క్రైస్తవ మఠం చూడబోతే, టికెట్లిచ్చే పెద్దాయన మేం గుడారంలో ఉన్నామని విని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఈ వానలో గుడారమా? ఈ పిల్ల చేసిన పాపమేంటయ్యా?"

నేను నోరు తెరిచేలోపే టిల్లీ అందుకుంది. "లేదండీ, చాలా సరదాగా ఉంది."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. మంగళవారం మీద ఆశ పుట్టింది.

మఠానికి గోడలున్నాయి గానీ కప్పు లేదు. దాని మీది సీసం రేకుల కోసం దాదాపు ఐదొందల ఏళ్ళ కిందట రాజుగారి మనుషులు పీక్కుపోయారు. వాన నేరుగా చర్చి లోపలి గడ్డి మీద పడుతోంది. సన్యాసులు చలి కాచుకోవడానికి కట్టుకున్న గదిలో రాతి పొయ్యి ఇంకా ఉంది. టిల్లీ ఆ ఖాళీ పొయ్యి ముందు రెండు చేతులూ చాపి నిలబడింది. పెదాలు నీలంగా మారాయి.

"చలేస్తోందా?"

"లేదు నాన్నా."

కారులో కూర్చుని, అద్దాలు మసకబారుతుంటే శాండ్‌విచ్‌లు తిన్నాం. అడగకూడదనే అనుకున్నాను.

"మంగళవారం ఆవిడ వస్తుందిగా" అన్నాను.

"అవును."

"ఏం చెబుతావో నాకు చెప్పక్కర్లేదులే. ఊరికే..."

"ఇంకోటి తింటావా నాన్నా?" అంటూ డబ్బా నా ముందుకు జరిపింది. అదీ ప్రేమేననుకున్నాను. ఆశకి అంతూ పొంతూ లేదు.

గుడారం తడితడిగానే చుట్టి డిక్కీలో కుక్కాను. సాయంత్రం వాళ్ళింటి దగ్గర దింపితే జోయాన్ తలుపు తీసి, నాకు తల ఊపి, సంచీ తీసుకుని లోపలికి వెళ్ళింది. టిల్లీ గడప దగ్గర ఆగింది. కాళ్ళు దగ్గరికి జోడించి, నా ముఖంలోకి చూసి, చక్కగా చెప్పింది.

"నన్ను పిలిచినందుకు థాంక్స్ నాన్నా. చాలా బాగా గడిచింది."

ఆ మాట దానికి నేర్పింది నేనే. మా వైపు ప్రతి పిల్లకీ నేర్పుతాం. ఎవరింటికైనా పుట్టినరోజుకో టీకో వెళితే, బయల్దేరేముందు ఆ ఇంటివాళ్ళకి అలా చెప్పి రావాలి. సొంత ఇంట్లో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఇంటివాళ్ళు బదులుగా అనే మాటే నా నోట్లోంచి వచ్చింది.

"మళ్ళీ ఎప్పుడైనా రామ్మా."

తలుపు మూసుకుంది. నేను మెట్టు కూడా దిగలేదు, లోపల్నుంచి ఏడుపు వినిపించింది.

"అమ్మా, కాళ్ళు కొంకర్లు పోయాయి. పక్కంతా నీళ్ళే. ఆకలేస్తోంది. ఈ బూటు రావట్లేదు, నువ్వే తియ్యి."

వెక్కుతోంది, మారాం చేస్తోంది, తల్లి మీద విసుక్కుంటోంది. అంత ఏడుపునీ రెండు రోజులు నా ముందు మర్యాదగా అణుచుకుంది. దాని జవాబు కోసం ఇక మంగళవారం దాకా ఆగక్కర్లేదు. నేను వానలో నిలబడి, ఆ ఏడుపు ఆగేదాకా విన్నాను.