ఎర్రంచు చిక్కుడు

శివనాథ్ నది పొంగి, నాలా నీళ్లు వెనక్కి తన్ని, భిలాయి క్యాంప్ వన్ సందుల్లో ఆరు రోజులు నడుము లోతున నిలిచిపోయిన ఏడాది జరిగిన సంగతి ఇది. అంకెల్లో అడిగితే తొంభై నాలుగని కొడుకు సూర్యప్రకాష్ చెబుతాడు. చినబాబుకు మాత్రం అది వరద ఏడాదే.

చినబాబు ముప్పై ఏళ్లు ఉక్కు కార్ఖానాలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. ఎర్రగా కాలిన తలుపులకు అంటుకున్న తారు గీకడం ఆయన పని. చదువు శ్రీకాకుళం పక్క పల్లెలో మూడో తరగతి, అదీ నిండా కాలేదు. మాట తక్కువ మనిషి. ఒక మాట అనాల్సి వస్తే రెండుసార్లు ఆలోచించి, చివరికి అనకుండానే ఊరుకునే రకం. ఇంట్లో ఆయనకున్న పేరల్లా చేతుల గురించే. ఉడుకుతున్న అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా పొయ్యి మీంచి దించేస్తాడు. కోడలు దుర్గాదేవి కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి కెవ్వుమంది. తర్వాత తర్వాత గుడ్డ కనపడకపోతే ఆ పిల్లే మావయ్యను పిలవడం మొదలుపెట్టింది.

ఆయన భార్య కన్నమ్మ యాభై తొమ్మిదిలో రైలెక్కి భిలాయి వచ్చినప్పుడు చీరకొంగున చిక్కుడు గింజలు ముడేసుకుని వచ్చింది. కాయ అంచున సన్నగా ఎర్రగీత ఉంటుంది. వండినా, ఆకు నలిపినా నెయ్యి వేసినట్టు కమ్మటి వాసన. బజార్లో దొరికే చిక్కుడు ఏదీ దాని ముందు నిలవదు. ముప్పై అయిదేళ్లు ఆ విత్తనం ఆవిడ చేతిలోనే నడిచింది. నాటడం, కాయ ముదరనివ్వడం, గింజ ఆరబెట్టి బూడిద పట్టించి డబ్బాలో పొయ్యడం, అన్నీ ఆవిడే. చినబాబు సాయం పట్టబోతే, నీ చెయ్యి విత్తులకు పనికిరాదు పొమ్మనేది. అదేదో ఆడవాళ్ల ఆచారం కాబోలనుకుని ఆయన పందిరికి ఇనపతీగ బిగించడం వరకే చూసుకునేవాడు.

వరదకు ముందు చలికాలంలో కన్నమ్మకు పక్షవాతం కొట్టింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. ఎడం చెయ్యి ఆడుతుంది. మాట ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. మంచం ముందుగదిలో వేశారు. అక్కణ్ణుంచి పెరడు కనపడదు. కాయలు ముదిరాక కోసి గింజ తీసే పని ఆ ఏడు దుర్గాదేవి మీద పడింది. కన్నమ్మ మంచం మీంచే ఒక్కొక్కటీ చెబుతూ చేయించింది. ఆషాఢం వచ్చేసరికి కోడలికి కడుపు నిలిచి, వేవిళ్లతో వంగే ఓపిక లేక, డబ్బా చినబాబు చేతికొచ్చింది. ఆ రోజు కన్నమ్మ ఆయన్ని దగ్గరకు పిలిచింది.

"నాను పోయినా పర్వానేదు. ఆ విత్తు పోనీకు" అంది.

ఆయన తలూపాడు.

ఆ పనికి ఆయనకు తోడు ఒక పుస్తకం. టౌన్‌షిప్ సెక్టార్‌లో ఎవరో ఆంధ్రా ఆఫీసరు క్వార్టరు ఖాళీ చేస్తూ పాత సామాన్లు కొనే కబాడీవాడికి వేసిన కాగితాల్లో దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, కాబట్టి దాని పేరేమిటో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. జర్మనీతో జరిగిన పెద్ద యుద్ధం నాళ్లలో ఊళ్లలో జనం ఎలా బతికారన్నది అందులో ఉంది. పచ్చిక తవ్వి దుంపలు వేసుకోవడం, తొక్కలతో చారు కాచుకోవడం, పాత కోటును తిరగేసి కుట్టుకోవడం. యుద్ధం సంగతులు పోను మిగతాదంతా పెరటి సాగు, పొదుపు. చినబాబు అక్షరం కింద వేలు పెట్టుకుని రోజుకు ఒక్క పేజీ చదివేవాడు. రెండో పేజీ చదవగలిగినా చదివేవాడు కాదు. ఇది అయిపోతే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందన్నది ఆయన బెంగ. మా మావయ్య చదువుక్కూడా రేషన్ కార్డుందని దుర్గాదేవి పక్కింటివాళ్లకు చెప్పి నవ్వేది.

అందులో మొదట్లోనే ఒక ముట్టడి కథ వచ్చింది. శత్రువులు చుట్టుముట్టిన ఒక చలిదేశపు పట్నంలో, విత్తనాలు దాచిన భవనం ఒకటి. దానికి కాపలా ఉన్న పండితులు ఆకలితో ఒక్కొక్కరే చచ్చిపోయారు గాని, పక్కనే బస్తాల్లో ఉన్న గింజ ఒక్కటీ నోట్లో వేసుకోలేదట. ఆ పేజీ మాత్రం ఆయన మూడు రోజులు చదివాడు.

కోహ్కాలో ఇల్లు కట్టుకున్న వాసుదేవరావు ఆయనకు పాత షిఫ్టు స్నేహితుడు. ఆ వారంలోనే వచ్చి, ఎర్రంచు చిక్కుడు గింజలు ఒక పది ఇమ్మని అడిగాడు. నీ పందిరికి ఏమైనా అయినా నా దగ్గర ఉంటాయి కదా అని కూడా అన్నాడు. చినబాబు తల అడ్డంగా ఊపాడు.

"యుద్ధంలో విత్తనం పంచరు" అన్నాడు.

"ఏ యుద్ధం భయ్యా? జర్మనీవోళ్లు సుపేలా దాకా వొచ్చేసేరేటి?"

వాసుదేవరావు టీ తాగి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పదీ ఇవ్వలేదు సరికదా, పుస్తకంలో చెప్పినట్టు ఉన్నవాటిలో సగమే నాటి, సగం డబ్బాలో అట్టేపెట్టాడు చినబాబు. నాటినవన్నీ మొలిచాయి. శ్రావణానికి తీగలు పందిరెక్కాయి.

అప్పుడు వచ్చింది వరద. తెల్లారగట్ల నీళ్లు గడప దాటాయి. చినబాబు ముందు కన్నమ్మను భుజాన వేసుకుని, కొడుకూ కోడలూ వెనక నడవగా, రోడ్డవతల బడి మేడ మీదికి చేర్చాడు. రెండోసారి బియ్యం, మూడోసారి చొక్కాలో దోపుకున్న పుస్తకం. విత్తనాల డబ్బా గోడగూట్లో ఎత్తుగానే ఉంది, మూత బిగువుగానే ఉందనుకున్నాడు. అయిదో రాత్రి నీళ్లు ఇంకా పెరిగి గూటి దాకా వెళ్లాయి. మూత తుప్పు పట్టి ఉంది.

ఏడోరోజు ఇంటికి వచ్చి చూస్తే పెరడంతా బురద. తీగలు నల్లగా ఉడికినట్టు పందిరికి వేలాడుతున్నాయి. డబ్బా తీస్తే గింజలు తడిసి, ఉబ్బి, బూడిదంతా ముద్దై ఉంది. లెక్కపెడితే ముప్పై ఒకటి. ఒకటి రెండు చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయి. నాటుదామంటే నేలలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతోంది. ఆరబెడదామంటే సూర్యుడు కనపడి పది రోజులైంది. ఇంట్లో గోడలే చెమ్మ కారుతున్నాయి. ఇంకో రోజు ఆగితే బూజు పడతాయి.

సూర్యప్రకాష్ హథ్‌ఖోజ్‌లో బోల్టులు చేసే చిన్న కార్ఖానాలో పనిచేస్తాడు. అక్కడ కడ్డీలు కాల్చే కొలిమి ఒకటుంది. దాని పక్కన పరిచిన ఇనపరేకు మీద పనివాళ్లు టిఫిన్ డబ్బాలు వెచ్చపెట్టుకుంటారు. చినబాబు గింజలు తుండుగుడ్డలో మూటగట్టి, కొడుకు సైకిలు వెనక కూర్చుని అక్కడికి వెళ్లాడు. రేకు మీద అరచెయ్యి ఆనించి, కొలిమికి దూరంగా జరుపుతూ, జరుపుతూ, గోరువెచ్చగా తోచిన చోటు చూసి గింజలు పరిచాడు.

సూర్యప్రకాష్ వేలు తాకించి, వేడి తగిలి చటుక్కున తీసేశాడు.

"నాన్నా, ఏడెక్కువేమో."

చినబాబు తన అరచెయ్యి అదే చోట పూర్తిగా ఆనించి, కదలకుండా ఉంచాడు.

"ఇది ఏడా?" అన్నాడు.

చుట్టూ ఉన్న కుర్రాళ్లు పని ఆపి చూశారు. బాబూజీ కా హాథ్ లోహే కా హై, ఈయనది ఇనప చెయ్యి అని ఒకడు అంటే అందరూ నవ్వారు. సూర్యప్రకాష్ కూడా కొంచెం గర్వంగానే నవ్వాడు. చినబాబు నాలుగు గంటలు అక్కడే గొంతుక్కూర్చుని గింజలు ఒక్కొక్కటీ తిప్పుతూ ఆరబెట్టాడు. సాయంత్రానికి అవి గలగలమంటూ, మెరుస్తూ, వరద ఊసే ఎరగనట్టు ఉన్నాయి. ఇంటికి తెచ్చి కన్నమ్మ చెవి దగ్గర డబ్బా ఆడించి వినిపించాడు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. ఎక్కడ ఆరబెట్టావని అడగలేదు. ఆయన చెప్పలేదు.

నేల ఆరడానికి పన్నెండు రోజులు పట్టింది. ముందు పది గింజలు నాటాడు. పొదుపు మనిషి కదా, అన్నీ ఒక్కసారే వెయ్యడు. రోజూ సాయంత్రం కన్నమ్మ అడిగేది.

"మొలిసిందేటి?"

"ఇంకా నేదు."

పదకొండు రోజులు గడిచాయి. ఒకటి తవ్వి చూశాడు. గింజ గోధుమరంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా పిండిలా జారిపోయింది. బురద నేల కదా, కుళ్లిందనుకున్నాడు. గట్టు ఎత్తుచేసి రెండో పది నాటాడు. అవీ అంతే. దుర్గాదేవి చేత కన్నమ్మ అన్న కూతురు వరలక్ష్మమ్మకు కార్డు రాయించాడు, ఊళ్లో ఆ విత్తనం ఉంటే పంపమని. పెరడంతా సరుగుడు వేసేశాం, ఆ చిక్కుడు కళ్లచూసి పదేళ్లు దాటింది అని జవాబు వచ్చింది. అప్పటికే మిగిలిన పదకొండూ నాటేశాడు. ఈసారి గుంటలో ఇసక వేశాడు, పేడ వేశాడు, పైన గోనె కప్పాడు. పందిరి కర్రలు సరిచేసి తీగ మళ్లీ బిగించాడు.

కన్నమ్మ ఆ రోజుల్లో అన్నం తగ్గించేసింది. రెండు ముద్దలకే తల తిప్పేసేది. కాని సాయంత్రమయ్యేసరికి మాత్రం ఆవిడ చూపు పెరటి వైపుకు పోయేది. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికొచ్చే చప్పుడు కోసం ఆవిడ చెవి ఒగ్గి ఉండటం దుర్గాదేవి రెండుమూడుసార్లు చూసింది.

మూడోసారి నాటిన తొమ్మిదో రోజున, మధ్యాహ్నం అన్నం తిన్నాక, చినబాబు ఆ రోజు పేజీ తీశాడు. నూట నాలుగో పేజీ. అక్షరం కింద వేలు జరుగుతోంది. విత్తనాన్ని నీడన, గాలి ఆడే చోట ఆరబెట్టవలెను. పొయ్యి దగ్గర, రేకు మీద ఎన్నడూ పెట్టరాదు. చేతికి వేడి తగిలినంతనే గింజలోని ప్రాణం పోవును. పైకి చెక్కుచెదరకుండా కనిపించినను అది ఉడికిన గింజయే.

ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిప్పాడు. వరదనాడు చదివిన పేజీకి వేపపుల్ల గుర్తు ఇంకా ఉంది. అరవై ఒకటి. రోజుకు రెండు పేజీలు చదివి ఉంటే, వరద రాకముందే ఈ పేజీ వచ్చేసేది.

లేచి పొయ్యి దగ్గరకు వెళ్లాడు. టీ మరుగుతోంది. గిన్నెకు అరచెయ్యి ఆనించి ఉంచాడు. గోరువెచ్చగానే ఉంది. దుర్గాదేవి చెయ్యి పట్టుకుని ఆ గిన్నె మీద పెట్టబోయాడు. ఆ పిల్ల చెయ్యి లాక్కుంది.

"ఏటి మావయ్యా ఇది? సలసల మరుగుతాంది, కనపడ్నేదా?"

ఆయన పెరట్లోకి పోయి గోనె ఎత్తి, మట్టిని వేళ్లతో పక్కకు జరిపి పదకొండు గుంటలూ చూశాడు. చూసి, మళ్లీ కప్పేశాడు.

సాయంత్రం కన్నమ్మ అడిగింది. చినబాబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆవిడతో అబద్ధం ఆడేంత మాట ఆయన ఎన్నడూ మాట్లాడలేదు.

"రెండాకులేసింది" అన్నాడు.

కన్నమ్మ మూతి ఒక పక్కకే నవ్వింది. ఎడం చెయ్యి కొంచెం పైకెత్తింది.

"ఓ ఆకు తే. వోసన సూస్తాను."

"సిన్న మొక్క."

"ఒక్కటే."

"పొద్దున్న తెస్తాను" అన్నాడు.

ఆ పూట ఆవిడ నాలుగు ముద్దలు తిన్నది.

మర్నాడు పొద్దున్నే చినబాబు నడుచుకుంటూ కోహ్కా వెళ్లాడు. వాసుదేవరావు కంచెకు బజారు చిక్కుడు అల్లుకుని ఉంది. వాసుదేవరావు పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, గింజలు కావాలేటని అడిగాడు. ఆకు కావాలన్నాడు చినబాబు. వాసుదేవరావు ఆయన మొహం చూసి, వేళాకోళం చెయ్యబోయి మానేశాడు. చినబాబు లేతది ఒకటి చూసి తుంచి, తడిగుడ్డలో చుట్టుకుని తిరిగొచ్చాడు.

కన్నమ్మ మేలుకునే ఉంది. ఆకును ఎడం చేతిలో పెట్టాడు. ఆవిడ బొటనవేలితో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిని తిప్పి చూసింది. నల్లగా, చర్మం చెక్కలా బిగుసుకున్న ఆ అరచేతిలో నలిగిన ఆకు తిరిగి పెట్టి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే మూసింది. మూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

చినబాబు పెరట్లోకి వెళ్లాడు. పందిరి తీగ ముడులు విప్పి, వంకర్లు పోయేదాకా సాగదీసి, చుట్ట చుట్టి గోడ మేకుకు తగిలించాడు. కర్రలు పీకి, మట్టి దులిపి, ఒక్కచోట కట్టగట్టాడు.