సాంబ్రాణి పొగ తగిలిన పొట్లం

"గాలి పట్టుకొచ్చేదానికి అంత దూరం పోవల్నా మా? మన నగరిలో గాలి లేదా?" అన్నాడు కోదండం, రసం కోసం అన్నంలో గుంట చేస్తూ.

ఆయుధపూజ అని మగ్గాలు ఆపేయడంతో ఆ మాట ఇల్లంతా వినబడింది. అందరూ నవ్వారు. వడ్డిస్తున్న లోహిత కూడా నవ్వింది. నవ్వకపోతే కోడలికి పొగరంటారు. ఆమె అత్త నాగరత్నమ్మ మాత్రం నవ్వలేదు.

లోహిత తిరుపతిలో గాలిలోని ధూళి మీద పరిశోధన చేస్తుంది. రేపు మద్రాసు మీదుగా గోవాకు, అక్కడి నుంచి అంటార్కిటికాకు పోవాలి. కానీ మార్గశిరంలో మామగారి సంవత్సరీకం. కోడలు తడిబట్టతో పొయ్యి దగ్గర నిలబడి వండితేనే అన్నకు ముద్ద అందుతుందని ఆయన తమ్ముడు కోదండం పట్టు. లోహిత భర్త మునీంద్ర చిన్నాయన మాటకు ఎదురు చెప్పడు.

"వచ్చే ఏడు పోతే ఏం లోహితా, మంచు యాడికి పోతుంది?" అన్నాడు మునీంద్ర, మజ్జిగ పోయించుకుంటూ.

ఆ రోజు పొద్దున పూలు కడుతూ నాగరత్నమ్మ కోడలిని అడిగింది, అక్కడి గాలిలో ఏముంటుందని. లోహిత ఓపిగ్గా చెప్పింది. తెల్లటి గుడ్డలాంటి దాని గుండా రోజుల తరబడి గాలిని లాగుతారట. దాని మీద కంటికి కనబడని ధూళి నిలుస్తుంది. అందులో గంధకం ఉంటుంది. సముద్రపు నాచు వదిలిందైనా, అగ్నిపర్వతం కక్కిందైనా, మనుషుల పొగగొట్టాల నుంచి పోయిందైనా చూడడానికి అంతా ఒకటే. కానీ గంధకంలోనే తేలికది, రవ్వంత బరువైనది అని రకాలుంటాయి. ఏది ఎంత కలిసిందో యంత్రంలో తూస్తే ఆ ధూళి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

"గాలికి పుట్టిల్లు కనిపెడతావా నువ్వు?" నాగరత్నమ్మ మాల కట్టడం మరిచి కోడలి ముఖమే చూసింది.

"నాలుగేళ్ళుగా తిరుపతిలో కూర్చుని అదే చేస్తా ఉండా అత్తా. తెచ్చేది మగవాళ్ళు, తూచేది నేను. సభల్లో మాట్లాడేది మళ్ళా వాళ్ళే. ఈసారి నేనే పోయి తెస్తా."

ఆ మాట నాగరత్నమ్మకు ఎక్కడో తగిలింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె కండెలు చుట్టింది. ఒళ్ళో బిడ్డ ఉన్నా, ఒంట్లో జ్వరమున్నా రాట్నం తిప్పింది. ఆమె చుట్టిన కండె లేనిదే మగ్గంలో అటూ ఇటూ నూలు మోసే నాడె కదలదు. అయినా ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తాది?" అని అడిగితే భర్త మునిరామయ్య చెప్పేవాడు: "ఆమేం చేస్తాది, ఇంట్లోనే ఉంటాది." ఆయన పోయాక మగ్గాలకు బొట్టు పెట్టే పని కూడా ఆమె చేతుల్లోంచి పోయింది. ఈ ఏడు కోదండం భార్య అలివేలమ్మ పెట్టింది.

అందుకే లోహిత స్నానానికి పోయినప్పుడు నాగరత్నమ్మ పూజ పళ్ళెంలోంచి చిటికెడు పసుపు కుంకుమ తీసుకుని, కోడలు ఆ గుడ్డలను పొట్లాలుగా సర్దుకున్న పెట్టెకు బొట్టు పెట్టింది. వాళ్ళ ఇంట్లో ఆ రోజు సాంబ్రాణి పొగ నూలుకు తగలాలి, మూటలో ఉంటే విప్పి మరీ చూపిస్తారు. ఆమె కూడా పైనున్న పొట్లం విప్పి, తెల్లటి గుడ్డకు పొగ చూపించి, భద్రంగా మడిచి పెట్టింది.

భోజనాలయ్యాక లోహిత పెట్టె తెరిచింది. సాంబ్రాణి వాసన. "దీనికి పొగ ఎవురు చూపించినారు?" అంది.

"నేనే," అంది నాగరత్నమ్మ. "నూలుకు మాదిరే అనుకున్నా."

"పొగ జాడ వెతికే గుడ్డకే పొగ పట్టించినావు అత్తా. ఇంక దీంట్లో దొరికేది మన ఇంటి పొగే." లోహిత మిగిలిన పొట్లాలన్నీ ఒక్కొక్కటే చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇదొక్కటే పోయింది. తక్కినవి బాగుండాయి."

కోదండం కన్ను మూత మీది బొట్టు మీద పడింది. "బొట్టు గూడా నువ్వే పెట్టినావా వదినా? చూసినావా మునీంద్రా, బొట్టు లేని చెయ్యి బొట్టు పెట్టింది, పొట్లం పాడైపోయింది. ఇంతకంటే శకునం కావల్నా? ప్రయాణం మానుకోమను."

మునీంద్ర నేల చూశాడు. లోహిత పెట్టె మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది. తను దీవించిన చేతినే అడ్డుకర్ర చేసి ఈ పిల్లను ఆపుతున్నారని నాగరత్నమ్మకు అర్థమైంది.

"పొట్లం పాడైంది నాకు తెలియక కోదండం, బొట్టు లేక కాదు," అంది నెమ్మదిగా. "ఇప్పుడు తెలిసింది. మళ్ళా చెయ్యను."

"మరి అన్న సంవత్సరీకానికి వంట?"

"కొడుకు వండుతాడు. నాయనకు కొడుకు చేతి ముద్ద చేదా?"

మునీంద్ర తలెత్తాడు. "నాకు వంట రాదు గదమ్మా."

"మార్గశిరం ఇంకా దూరముండాది. నేర్పిస్తా."

ఆమె తడిగుడ్డ తెచ్చి, పొడి లోపల పడకుండా మూత మీది బొట్టును తానే శుభ్రంగా తుడిచింది. చేతులు కడుక్కుంది. తర్వాత అందరూ చూస్తుండగా కుంకుమ భరిణె అందుకుని లోహిత నుదుట బొట్టు పెట్టింది.

"పోయిరా మా. మీ కోడలేం చేస్తాదని ఎవురైనా అడిగితే, గాలికి పుట్టిల్లు కనిపెడతాదని నేను చెప్తా."