‘కాదు’ అన్న గడిలో టిక్కు

ఆగండి, ఆగండి, ఒక్క ఐదు నిమిషాలు. నేను చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, కానీ లేచి మాత్రం వెళ్ళిపోకండి. ఎందుకంటే ఇది నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా అక్క జోర్నిత్సకి ఇరవై ఆరేళ్ళు. మా రూసె ఊళ్ళో ట్రాలీబస్సు, అదే పైన కరెంటు తీగలు పట్టుకుని నడిచే బస్సు, నడుపుతుంది. నా పేరు నెవెనా, అక్కకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మ ఇటలీలో ముసలివాళ్ళకి సేవ చేసే పనికి వెళ్ళిన ఏడేళ్ళూ నాకు జడలేసింది, వండిపెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అక్కే. అందుకే పెళ్ళి, పిల్లలు అని ఎవరైనా ఎత్తితే చాలు, నన్ను చూపించి, “ఒకదాన్ని పెంచాను, చాలదూ? ఇంకోటా? బాబోయ్!” అనేది. అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నేను నవ్వేదాన్ని.

ఫిబ్రవరిలో అక్కకి కడుపు ఉబ్బింది. స్కాన్ తీస్తే ఎడమవైపు అండాశయంలో గడ్డ. డాక్టర్ కల్చెవా అక్కని లోపలే ఉంచి, అమ్మనీ నన్నూ వరండాలోకి పిలిచింది. మా దగ్గర అంతే, జబ్బు సంగతి ముందు ఇంట్లోవాళ్ళకి చెప్తారు, జబ్బు మనిషికి అందరికంటే చివర తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. మా అమ్మమ్మ కడుపులో పుండు అనుకుంటూనే పోయింది.

“క్యాన్సర్ లాగే ఉంది,” అంది డాక్టర్.

అమ్మ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. “డాక్టరమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఆ మాట దాని ముందు అనకండి. హడలి చస్తుంది. నీటిబుడగ అని చెప్పండి.”

“సరే, ఆపరేషన్ అయ్యేదాకా అలాగే అంటాను,” అంది డాక్టర్, ఇష్టం లేనట్టే. “కానీ ఒక్క విషయం అమ్మాయే తేల్చాలి. జబ్బు ఒక్క వైపే ఉంటే ఆ అండాశయం మాత్రం తీసేసి, రెండోదీ గర్భసంచీ ఉంచొచ్చు. తర్వాత పిల్లలు పుట్టే వీలుంటుంది. కాకపోతే ఏళ్ళ తరబడి పరీక్షలకి రావాలి, జబ్బు మళ్ళీ వస్తుందేమోనన్న భయం కొంచెం ఉంటుంది. పిల్లలు అక్కర్లేదంటే అన్నీ తీసేస్తాను. తనని అడిగి ఈ కాగితం నింపి ఇవ్వండి.”

జబ్బు పేరు చెప్పకుండా ఆ ప్రశ్న ఎలా అడగాలి? ఆ కాగితం పైనే జబ్బు పేరు అచ్చేసి ఉంది. ఇది మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి!

అమ్మ కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. నేను చదివాను. ‘ముందు ముందు పిల్లలు కావాలనుకుంటున్నారా?’ రెండు గడులు. అవును, కాదు.

“దాన్ని అడగాలి కదే,” అంది అమ్మ.

“అడగడమెందుకమ్మా? ఎప్పుడూ అనే మాటేగా!” అని ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టేశాను. రెండు సెకన్లు పట్టిందేమో. నిజం చెప్పమంటారా? అక్క మాట గుర్తొచ్చి కాదు, భయమేసి పెట్టాను. అన్నీ తీసేస్తే అక్క బతుకుతుంది, నాకు అక్క కావాలి, అక్కకి పుట్టబోయే పిల్లలు నాకెందుకు? సరిగ్గా ఇలాగే అనుకున్నాను. ఇప్పుడిది చెప్తుంటే చెవులు కాలిపోతున్నాయి.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం, అక్క చెప్పులూ, పంచదార నీళ్ళలో ఉడికించిన రేగుపళ్ళ కాంపోట్ సీసా పట్టుకుని వార్డుకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అక్క అటు తిరిగి, పక్క మంచం మీదున్న మిత్రా అవ్వతో మాట్లాడుతోంది.

“అవ్వా, ఈ నీటిబుడగ తీసేశాక ఎన్నాళ్ళు ఆగాలంటావు?”

“దేనికే?”

“దేనికేంటి... దానికే. పోయిన అక్టోబరు నుంచీ చూస్తున్నాం నేనూ బొయానూ.”

“ఓసి నీ! ఇంట్లో తెలుసా?”

“చెప్తే ఇంకేమన్నా ఉందా, దిష్టి తగలదూ? పైగా మా చెల్లి నన్ను ఏడిపించి చంపుతుంది, ‘ఒకటి చాలన్నావుగా’ అని.”

“ఇంతకీ ఆ బొయాన్ ఏం చేస్తాడు?”

“నా బస్సు కడ్డీ పైనున్న కరెంటు తీగ మీంచి జారితే వచ్చి ఎక్కిస్తాడు.”

“అయితే పుట్టేవాడు కరెంటుతోనే పుడతాడు, ఉయ్యాల ఊపక్కర్లేదు!” అంది అవ్వ. ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు.

నేను లోపలికి వెళ్ళలేదు. డాక్టర్ గదికి పరుగెత్తాను. “ఆ కాగితం తప్పు! అక్కకి పిల్లలు కావాలి!”

“మరి ఈ టిక్కు?”

“ఇంట్లో... మేమే పెట్టాం. అక్కని అడగలేదు.” మేమే అన్నాను. నేనే అనలేకపోయాను.

డాక్టర్ ముఖం ఎర్రబడింది. “నేనూ అడగలేదు,” అంది నెమ్మదిగా. రేపటి ఆపరేషన్ల జాబితాలో అక్క పేరు పక్కన ‘అన్నీ తీసేయాలి’ అని రాసున్నది కొట్టేసింది. “పద. ఇప్పుడన్నీ తనకే చెప్తాను.”

మేం వార్డుకి వెళ్ళేసరికి అమ్మ కూడా వచ్చి ఉంది. డాక్టర్ క్యాన్సర్ అన్న మాటతో సహా మొత్తం చెప్పింది. తెరిచి చూశాక జబ్బు పాకి ఉంటే ఏదీ ఉంచలేనని, పాకకపోతే ఉంచుతానని కూడా చెప్పింది.

అక్క ఏడవలేదు. “ఉంచండి,” అంది. ఆ తర్వాత డాక్టర్ చేతిలోంచి కాగితం తీసుకుని చూసింది. “ఈ టిక్కు ఎవరు పెట్టారు?”

టిక్కుకి దస్తూరీ ఉండదు. నేను నోరు తెరిచాను, ఒట్టు, తెరిచాను.

“నేనే పెట్టాను,” అంది అమ్మ.

అక్క ఆ కాగితం అమ్మ చేతిలో పెట్టింది. “ఏడేళ్ళు ఇంట్లో లేవు. ఇప్పుడొచ్చి నా కడుపు సంగతి నువ్వు తేలుస్తావా?” అని గోడవైపు తిరిగింది. నేను తెరిచిన నోరు మూసేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండో వైపు శుభ్రంగా ఉంది, ఉంచారు. ఇక క్యాన్సర్ మందులు ఎక్కించాలి. వాటివల్ల అండాలు దెబ్బతినొచ్చని, అంతకుముందే మిగిలిన అండాశయం నుంచి కొన్ని అండాలు తీసి, గడ్డకట్టించి దాచిపెడతారట.

నెల కావస్తోంది. ఆస్పత్రి నుంచి అక్క నేరుగా బొయాన్ ఇంటికి వెళ్ళిపోయింది, అమ్మని ఆ గడప తొక్కనివ్వడం లేదు. అమ్మ కోడి సూప్ కాస్తుంది, నేను మోసుకెళ్తాను, నేనే కాచానని అబద్ధం చెప్తాను, అక్క రెండు గిన్నెలు తాగుతుంది. “ఆ రోజు ఇది పరుగెత్తకపోతే నా పని అయిపోయేది,” అని బొయాన్‌కి నన్ను చూపించి చెప్తుంది. బొయాన్ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్తాడు. నేను ఖాళీ గిన్నెలు కడగాలని లేచిపోతాను.

“చెప్పేస్తానమ్మా,” అన్నాను మొన్న.

“నోర్ముయ్. ఇప్పుడు దానికి నమ్ముకోడానికి ఒక మనిషి కావాలి. నేను లేకుండా బతకడం దానికి కొత్తేం కాదు,” అని అమ్మ ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

రేపు పొద్దున అండాలు తీస్తారు. లోపలికి వెళ్ళేదాకా చెయ్యి పట్టుకోడానికి అక్క నన్నే రమ్మంది. “నువ్వుంటే నాకు భయం లేదు. అమ్మని మాత్రం తీసుకురాకు,” అంది. ఇప్పుడే చెప్పేస్తే రేపు అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్తుంది. చెప్పకపోతే అమ్మ ఆ గడప బయటే ఉండిపోతుంది, నా బదులు. మీరైతే ఏం చేస్తారు?